రెండు గడపల పరుగు

ఆ ఏడు ఆషాఢానికి నేను పుట్టింటికి వెళ్లలేదు. పెళ్లయిన మొదటి ఆషాఢంలో కొత్త కోడలు అత్తవారింట్లోనే ఉండిపోవడం మా సబ్బవరం వైపు ఎవరూ కనలేదు, వినలేదు. మా అత్తగారి గోదావరి వైపైతే సరేసరి. అయినా ఉన్నాను. నెల పొడుగునా ఆవిడ వీధిగుమ్మంలోంచి తిరిగారు, నేను దొడ్డిగుమ్మంలోంచి తిరిగాను. అంతా ఒక పరుగు పందెం కోసం.

ఉక్కునగరంలో మాది రెండు గదుల క్వార్టరు. ఇంట్లో ముగ్గురం. రోలింగ్ మిల్లులో పనిచేసే మా ఆయన మోహనకృష్ణ, మా అత్తగారు సూర్యకాంతమ్మగారు, నేను. ప్లాంటు కడుతున్న రోజుల్లో మామగారు రాజోలు నుంచి ఉద్యోగానికొచ్చారు. నా పెళ్లికి చాలా ముందే ఆయన పోయారు.

అత్తగారు మాటల మనిషి. కుక్కరు కూత పెడితే "వస్తున్నా, ఉండవే" అని దానికి బదులు చెప్పేవారు. గోడ మీద వాలిన కాకిని "ఏంటయ్యా, మీ ఆవిడ రాలేదా?" అని అడిగేవారు. నేను పుట్టిందే మాటలు తక్కువగా పుట్టాను. దానికి తోడు కాపురానికొచ్చిన మొదటి వారం పేరంటాళ్ల ముందు, "మీరు కూకోండత్తా, నాను ఒండేత్తాను" అన్నాను. గదంతా గొల్లుమంది. అత్తగారు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. అప్పట్నుంచి ఊఁ, ఊహూఁ, తల ఊపడం, వీటితోనే కాపురం చేసుకొచ్చాను.

జూన్ నెలలో ఒక మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతుంటే, ముందు గదిలో ఆవిడ రాజమండ్రిలో ఉన్న మా ఆడపడుచు శ్రీసత్యతో ఫోనులో మాట్లాడుతున్నారు.

"గోడకి చెప్పుకున్నట్టుందే సత్యా. పిల్ల మంచిదే. పనిమంతురాలు. కానీ పొద్దుట్నుంచీ పడుకునేదాకా ఒక్క మాట ఉండదు. వాడు చూస్తే షిఫ్టుల మనిషి. నాతో మాట్లాడే మనిషంటూ ఉంటే ఇక్కడే పడుందును. శ్రావణంలో నీ దగ్గరికి వచ్చేస్తా. ఆయ్, ఉండిపోవడానికే."

నా చెయ్యి చేటలోనే ఆగిపోయింది. ఆవిడ మాటలు లేకపోతే ఆ ఇల్లెలా ఉంటుందో నాకు తెలుసు. పెళ్లయ్యాక ఒకసారి ఆవిడ అన్నవరం వెళ్లారు. ఆయన సి షిఫ్టు చేసొచ్చి పగలంతా పడుకున్నారు. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నేనే వెళ్లి కుక్కరు పక్కన నిలబడ్డాను, అదైనా కూస్తుందని. ఆవిడ మాటలకి నేను బదులివ్వలేదు గానీ, రోజంతా వాటిని వింటూనే బతికాను. ఆ సంగతి ఆవిడకెలా తెలుస్తుంది?

"ఉండిపోండి అత్తా" అనాలి. ఆ మాటలు నోట్లోనే ఎన్నిసార్లో కూడబలుక్కున్నాను. చివరికి ఏరిన బియ్యం తీసుకుని వంటింట్లోకి పోయాను.

ఆ నెలాఖర్లో ఒక పొద్దున్న పాల బూత్ దగ్గర పక్క క్వార్టరు రామలక్ష్మమ్మగారు ఒక కబురు మోసుకొచ్చారు. ఆవిడది శ్రీకాకుళం వైపు. గొంతు విప్పితే మూడు వీధులకి వినపడేది.

"ఇన్నావేటి సూర్యకాంతమ్మా? పంద్రాగస్టుకి మన మహిళా మండలోళ్లు పరుగు పందెం ఎడతన్నారట. అత్తాకోడళ్లకి! జంటగా లగెత్తాలట. ఇద్దరూ గీత దాటితేనే లెక్కంట."

"ఈ వయసులో పరుగేంటండి బాబూ!" అత్తగారు నవ్వేశారు.

"మా నిఖితా నానూ పేర్లిచ్చీసేం. అది కాలేజీలో కబాడీ ఆడీది. నీకెందుకులే ఇయన్నీ. ఇంట్లో మాటా మంతీ లేనోళ్లు రోడ్డు మీద జంటగా ఏటి లగెత్తుతారు? అయినా నువ్వు కూతురు కాడికి ఎలిపోతన్నావంట కదా?"

బూత్ దగ్గరున్న ఆడవాళ్లంతా ఒక్కసారి మా వంక చూశారు. అత్తగారు పాల ప్యాకెట్లు నా చేతిలో పెట్టి, కొంగు సర్దుకున్నారు.

"మా పేర్లు కూడా రాయించండి" అన్నారు.

దారిలో అడిగారు. "ఏమే గౌరీ, పరిగెత్తగలవా?"

తల ఊపాను. పరుగంటే నాకు తెలిసింది, తాడు తెంపుకున్న దూడ వెనక పరిగెత్తడమే. మా పల్లె బళ్లో ఆటల పీరియడ్ మగపిల్లలది. మేం గట్టు మీద కూచుని వాళ్ల పుస్తకాల సంచులు కాసేవాళ్లం.

"అదిగో, మళ్లీ తలే ఊపుతావు. పోన్లే, పరుగుకి నోరెందుకు! వెళ్లేముందు ఆ రామలక్ష్మమ్మ నోరు మూయించి మరీ వెళ్తాను, చూడు."

ఆవిడ ఇంకా చాలా అన్నారు. 'వెళ్లేముందు' అన్న మాట ఒక్కటే నా చెవిలో ఉండిపోయింది.

ఇంకో రెండ్రోజుల్లో ఆషాఢం వస్తుందనగా మా నాన్న గవర్రాజు నన్ను తీసుకెళ్లడానికి వచ్చాడు. సబ్బవరంలో బస్సెక్కి, గాజువాకలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో ఒళ్లో పనసపండు పెట్టుకుని వచ్చాడు. ఇల్లంతా పనస వాసన.

"పిల్లని తీసుకెలిపోడానికొచ్చేను చెల్లెమ్మా. ఎల్లుండి నించి ఆసాడం కదా."

"ముందు కాఫీ తాగండన్నయ్యగారూ." అత్తగారు గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూచున్నారు. "నాకు తెలీకడుగుతానూ, ఆషాఢం అంటే ఏంటండీ? అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు. అంతేనా?"

"అంతే కదమ్మా."

"మా క్వార్టరుకి గడపలెన్నండీ?"

నాన్న ముందు గుమ్మం వైపు చూశాడు. వంటింటి వైపు తొంగి చూశాడు. "రెండు."

"ఆయ్. ముందుది నాది, వెనకది దానిది. ఇంక గొడవేముందండీ?"

నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. పొలం గట్టు తగువుల్లో కూడా నాన్న అంత ఆలోచించడం నేను చూడలేదు.

"అది కాదు చెల్లెమ్మా. ఊళ్లో అడుగుతారు. పిల్ల ఎందుకు రాలేదంటే ఏటి సెప్పమంటావు?"

"పరుగు పందేనికి తయారవుతోందని చెప్పండి."

"ఎవరు?"

"మీ అమ్మాయీ, నేనూను."

నాన్న నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. తలుపు పక్కన మా ఆయన గోడకేసి తిరిగి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. కొత్త పెళ్లాన్ని నెల రోజులు పుట్టింట కూచోబెట్టే ఆ ఆచారం మీద ఆయనకి మొదట్నుంచీ పెద్ద గౌరవం లేదు.

"సరే మరి" అని నాన్న లేచాడు. "గెలిస్తే కబురెట్టండి." పనసపండు వదిలేసి, తను ఏ గుమ్మంలోంచి వెళ్లాలో తెలీక కాసేపు మధ్య గదిలో తచ్చాడి, చివరికి ముందు గుమ్మంలోంచే వెళ్లాడు.

ఆషాఢం వచ్చిన రోజు పొద్దున్నే చీకటుండగా అత్తగారు కొంగు నడుముకి బిగించి, కుచ్చెళ్లు పైకి దోపి తయారయ్యారు. కాళ్లకి మా ఆయన పాత సేఫ్టీ బూట్లు. ప్లాంటులో ఇస్తారే, ముందు వైపు లోపల ఇనప రేకుండేవి, అవి.

"అమ్మా, అవి కాలి మీద ఇనుము పడితే కాపాడ్డానికే. పరిగెత్తడానికి కాదు" అన్నారు ఆయన మంచం మీంచే.

"నీ పని నువ్వు చూసుకోరా. గట్టి బూట్లు గట్టిగా పరిగెత్తిస్తాయి."

ఆవిడ వీధిగుమ్మంలోంచి, నేను దొడ్డిగుమ్మంలోంచి బయల్దేరాం. పాల బూత్ దగ్గర కలుసుకున్నాం. బూత్ దగ్గర్నుంచి రోడ్డు రెండుగా ఉంటుంది. ఒకటి మా వీధిలోకి మలుపు, ఇంకోటి తిన్నగా పోయే పెద్ద రోడ్డు. పెద్ద రోడ్డు మీద కొంచెం ముందుకి పోతే మా వెనక సందు తగులుతుంది. పందెం బడి దగ్గర మొదలై, సెక్టారంతా చుట్టి, బూత్ మీదుగా ఆ పెద్ద రోడ్డునే మైదానంలోకి పోతుందని ముందే చెప్పారు.

మొదటి రోజు నాలుగు దీపస్తంభాలు కూడా దాటలేదు. అత్తగారు టకటకమని గుర్రంలా బయల్దేరి, ఆంబోతులా రొప్పుతూ కల్వర్టు మీద కూలబడ్డారు. బూట్లు విప్పి చూస్తే మడమలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నేను ఆ బూట్లని చేత్తో పట్టుకుని ఇంటికి తెచ్చాను. నా చేతికే బరువనిపించాయి.

ఆ సాయంత్రం గాజువాక వెళ్లి ఇద్దరం తెల్ల కాన్వాసు బూట్లు కొనుక్కున్నాం.

"బాబుకాండీ? ఏ క్లాసండీ?" అన్నాడు కొట్టతను.

"బాబుకి కాదయ్యా, నాకే. యాభై రెండో క్లాసు" అన్నారు అత్తగారు కాలు ముందుకి చాపి.

అప్పుడు మొదలైంది మా పరుగు. మా ఊళ్లో పెద్దవాళ్లని దాటి ముందుకి నడవం. అందుకని ఎంత నెమ్మదిగా పోయినా నేను ఆవిడ వెనకే. ఆవిడ కాళ్లు, మడమలు, తడిసిన కుచ్చెళ్లు, నాకు కనపడే పందెం అంతే. అసలు కష్టం కాళ్లది కాదు, మాటలది. ఆవిడ పరిగెత్తుతూ కూడా మాట్లాడేవారు. ఎవరింటి ముందు ముగ్గు వంకరగా ఉందో, ఏ క్వార్టర్లో పప్పు మాడిందో చెప్పుకుంటూ పోయేవారు. మాట్లాడితే ఊపిరి చాలదు. మాట్లాడకపోతే ఆవిడకి ప్రాణం ఉండదు.

ఒక వానరోజు రోడ్డు మధ్యలో ఆగిపోయారు. చేతులు నడుం మీద పెట్టుకుని వంగి నిలబడ్డారు.

"నా వల్ల కాదే. నోరు మూసుకుని పరిగెత్తితే శవయాత్రలో పోతున్నట్టుంది. నోరు తెరిస్తే ఊపిరాడట్లేదు. నువ్వు మాట్లాడు. నేను వింటూ పరిగెత్తుతా."

నేను దిక్కులు చూశాను.

"ఏదో ఒకటి చెప్పవే తల్లీ. కనపడిందల్లా చెప్పు."

మళ్లీ కదిలారు. నేను వెనకాలే. ముందు నీళ్లు నిండిన గుంట కనపడింది.

"గుంట" అన్నాను.

ఆవిడ పక్కకి గెంతారు. "బావుంది. ఇంకా?"

"కుక్క."

"ఎక్కడే?"

"పడుకుంది."

"ఇంకా?"

"లేచింది."

ఇద్దరం ఆ మలుపు దాకా ఎప్పుడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తాం. కుక్క మాకంటే ముందే విసుగొచ్చి ఆగిపోయింది. అత్తగారు గోడ పట్టుకుని రొప్పుతూ, "రేడియోలో వాతావరణం వార్తలు చెప్పేవాడు నయమే నీకంటే! వర్షం పడొచ్చు అని ముందుగా చెప్తాడు వాడు. నువ్వు కరిచాక చెప్పేలా ఉన్నావు" అని నవ్వారు. కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

అలా రోజుకి కొన్ని మాటలు. గుంట, కుక్క పోయి, ఎవరి పెరట్లో బీరపాదు ఎక్కిందో చెప్పేదాన్ని. ఏ ఇంట్లో సి షిఫ్టువాళ్లు పడుకున్నారో, కిటికీకి కట్టిన దుప్పటి చూసి చెప్పేదాన్ని. ఒక తెల్లవారుజామున ప్లాంటు వైపు మబ్బంతా ఎర్రగా వెలిగిపోతోంది. "మా ఊళ్లో ఇంత ఎరుపు, చెరుకుతోట అంటుకుంటేనే కనపడేది. పెళ్లయి వచ్చిన రాత్రి ఇది చూసి ఎవరిదో తోట పోయిందని ఏడ్చాను" అన్నాను. అత్తగారు కొంచెం నెమ్మదించారు, ఇంకా ఏమైనా చెప్తానేమోనని.

కానీ పాల బూత్ దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఎడమకి తిరిగి వీధిగుమ్మానికి, నేను తిన్నగా పోయి వెనక సందుకి. దొడ్డిగుమ్మం దాటి వంటింట్లో అడుగు పెట్టగానే నా మాట మళ్లీ ఎక్కడికో పోయేది. అదే ఇల్లు, అదే పేరంటాళ్లు నవ్విన చోటు. ఆవిడ కుక్కరుతో మాట్లాడుకునేవారు. నేను తల ఊపేదాన్ని. శ్రావణం వచ్చింది. ఇంక ఏ గుమ్మంలోంచి తిరిగినా తప్పులేదు. అయినా కాళ్లకి అలవాటైపోయి, ఎవరి గుమ్మం వాళ్లదే అయింది. ఆయన రాజమండ్రికి టికెట్టు తెచ్చి దేవుడి పటం వెనక పెట్టారు. పంద్రాగస్టు తర్వాతి ఆదివారానికి. వెళ్లడానికే. తిరుగు టికెట్టు లేదు.

పంద్రాగస్టు పొద్దున్న సన్నగా తుంపర పడుతోంది. బడి ముందు జెండా ఎగరేశాక, మిఠాయి బిళ్లలు పంచాక, సున్నంతో గీసిన గీత దగ్గర నిలబెట్టారు. ఓ పాతిక జంటలుంటాం. పట్టుచీరల మీద బూట్లేసుకున్నవాళ్లు, పసుపు కాళ్లతో వట్టి పాదాల వాళ్లు, పంజాబీ డ్రెస్సులో నేనూ నిఖితా ఇంకో నలుగురు కోడళ్లు. రోడ్డుకి అటూ ఇటూ మగవాళ్లు. రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్ర కళ్లతో కొందరు, బి షిఫ్టుకి బయల్దేరేలోపు వేడుక చూడాలని మా ఆయన లాంటివాళ్లు కొందరు.

"లగెత్తవే నిఖితా, నా సెయ్యి వొదిలీకు!" అని రామలక్ష్మమ్మగారు కేకేస్తున్నారు.

విజిల్ ఊదారు.

మొదట్లో అంతా గలాభా. చీరలు, గాజులు, నవ్వులు. ఎవరి అత్తగారిదో జడగంట ఊడి దొర్లుకుంటూ పోయింది. మా అత్తగారు ఆగలేదు. తల దించుకుని, పిడికిళ్లు బిగించి, నెలన్నరగా నేర్చుకున్న ఆ ఒకే వేగంతో పోతున్నారు. నేను వెనకే, మెల్లగా చెప్పుకుంటూ.

"గుంట. కుడికి. రామలక్ష్మమ్మగారు ముందున్నారు. నిఖిత లాక్కెళ్తోంది. బీరపాదు దాటేం. ఇంక సగమే."

"ఊఁ" అన్నారు అత్తగారు. ఆ రోజు ఊఁ కొట్టడం ఆవిడ వంతు.

చివరి మలుపులు తిరిగి పాల బూత్ దగ్గరికొచ్చాం. అక్కణ్ణుంచి మైదానం కనపడుతుంది. షామియానా, మైకు, తెల్ల గీత. నా కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. బూత్ దాటాను. ముందు పోయినవాళ్లు అప్పటికే మైదానంలోకి చేరిపోయారు. రోడ్డంతా ఖాళీగా, తడిగా మెరుస్తోంది. ఎదుట ఎవరూ లేరు. మడమలు లేవు, కుచ్చెళ్లు లేవు. గాలి నేరుగా మొహానికి కొట్టింది. అంత వేగంగా పరిగెత్తగలనని నాకే తెలీదు. నవ్వుకుంటూ పరిగెత్తాను.

కొంత దూరం పోయాక గుర్తొచ్చింది. నా ముందు ఎవరూ లేకపోవడమేంటి?

వెనక్కి తిరిగి చూశాను. అత్తగారు లేరు.

రోజూ లాగే ఆవిడ కాళ్లు బూత్ దగ్గర ఎడమకి తిరిగాయి. రోజూ లాగే నా కాళ్లు తిన్నగా పోయాయి. ఆవిడ తల ఎత్తకుండా, పిడికిళ్లు బిగించి, మా వీధిలోకి, మా వీధిగుమ్మం వైపు పరిగెత్తుతున్నారు. అంత నమ్మకంగా పోతున్న మనిషిని చూసి, దారి అదేననుకుని, వెనక మూడు జంటలు ఆవిడ వెంట పడ్డాయి.

ఆలోచించడానికి లేకపోయింది. వెనక్కి పరిగెత్తాను. వీధి మొదట్లో నిలబడి, కడుపులోంచి అరిచాను.

"అత్తా! ఓలత్తా! అటెల్తన్నావేటి! అది మనిల్లే! ఇటు, ఇటు రా!"

మా ఊళ్లో చెరువు అవతలి గట్టు మీద ఆవుని పిలిచే గొంతు అది. కిటికీలు తెరుచుకున్నాయి. సి షిఫ్టు చేసొచ్చి పడుకున్న ఒకాయన లుంగీతో గుమ్మంలోకొచ్చాడు. అత్తగారు మా మెట్ల దగ్గర టక్కున ఆగి, ఇంటిని చూసి, నన్ను చూసి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయారు. ఆవిడ వెనకున్న ఆరుగురూ ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు.

ఆవిడని దాటి ముందుకెళ్లి, చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పాను. చెయ్యి వదల్లేదు. ఇద్దరం పక్కపక్కన పరిగెత్తాం. వెనక మూడు జంటలు. రోడ్డు పక్కన జనం చప్పట్లు కొడుతున్నారు, నవ్వుతున్నారు. "ఓలత్తా, ఇటు రా!" అని కుర్రాళ్లు నా గొంతు అనుకరిస్తున్నారు. నాకు ఏ మాత్రం బాధ కలగలేదు. అత్తగారు రొప్పుతూ, ఎగపోస్తూ, "ఇంత... గొంతు... ఇన్నాళ్లూ... ఎక్కడ పెట్టుకున్నావే!" అంటున్నారు.

"మాట్లాడకు, ఊపిరి పోద్ది" అన్నాను.

గీత దాటాం. ఎన్నో వాళ్లమో ఎవరూ లెక్కపెట్టలేదు. చివరివాళ్లం మాత్రం కాదు. మా వెనకొచ్చిన మూడు జంటలున్నాయిగా. రామలక్ష్మమ్మగారికి, నిఖితకి మూడో బహుమతి వచ్చింది, స్టీలు డబ్బా. ఆవిడ డబ్బా ఎత్తి చూపిస్తూ మా దగ్గరికొచ్చారు. అత్తగారు దాని వంకైనా చూడలేదు.

"విన్నారా రామలక్ష్మమ్మగారూ, మా కోడలు కేక? మైదానం దాకా వినపడిందా?"

"మైదానమేటి, సముద్రం కాడికి ఇనపడ్డాది. పడవలోళ్లు ఎనక్కొచ్చీసుంటారు" అన్నారు రామలక్ష్మమ్మగారు. నన్ను దగ్గరకి లాక్కుని, "మా వోళ్ల గొంతు మరి" అని బుగ్గ పుణికారు.

ఇంటికొచ్చి తడి బూట్లు విప్పి ఇద్దరం వీధి మెట్ల మీద కూచున్నాం. అత్తగారు కాళ్లు చాపుకుని అరికాళ్లు నొక్కుకుంటున్నారు.

"నిజం చెప్పు. ఎందుకు మాట్లాడవు ఇంట్లో?"

"నవ్వుతారని."

"ఎవరే?"

చెప్పక తప్పలేదు. "మీరే. మొదటి వారం. పేరంటంలో."

ఆవిడ చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. నాలుగు నెలలు నేను మోసిన బరువు ఆవిడకి గుర్తు కూడా లేదు.

"నవ్వానా? నవ్వే ఉంటాను. నేను దేనికి నవ్వను చెప్పు? నువ్వూ నా మాటకి నవ్వాల్సింది. మాటకి ముందొకసారి, తర్వాత ఒకసారి 'ఆయ్' అంటాను. దానికి నీకు నవ్వు రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

"వెనక సందులోకెళ్లి నవ్వుకునేదాన్ని."

ఆవిడ నా వీపు మీద ఒక్కటి చరిచారు. తర్వాత ఇద్దరం ఎంత నవ్వామంటే, డ్యూటీకి బయల్దేరుతున్న ఆయన హెల్మెట్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

అయినా ఆదివారం ఆదివారమే. మనవలు ఎదురు చూస్తున్నారు, శ్రీసత్యకి అత్తగారు మాటిచ్చారు. పెట్టెలు రెండూ దువ్వాడ స్టేషనుకి తీసుకెళ్లాం. ఉంటానని ఆవిడా అనలేదు. బండి కదిలేముందు కిటికీ ఊచల దగ్గరికెళ్లి, కూడబలుక్కోకుండానే అన్నాను.

"వచ్చేయండత్తా."

"చూద్దాంలే" అన్నారు. బండి వెళ్లిపోయింది.

పది రోజులు ఒక్కదాన్నే పరిగెత్తాను. బీరపాదుకి కాయలు దిగాయి. కుక్కకి నాలుగు పిల్లలు పుట్టాయి. ఎవరికి చెప్పాలో తెలీక కుక్కరుకి చెప్పాను. ఆ సాయంత్రమే ఫోను మోగింది.

"ఏం చేస్తున్నావే?"

"కూర తరుగుతన్నాను. కుక్కకి పిల్లలు పుట్టీసేయి. నాలుగు. ఒకటి తెల్లది."

అవతల అత్తగారు గొంతు తగ్గించారు, పక్కన ఎవరో వింటారన్నట్టు.

"ఇక్కడ మాట్లాడేవాళ్లు బోలెడుమందే గౌరీ. పొద్దున లేస్తే రాత్రి దాకా మాటలే. నా పక్కన పరిగెత్తే మనిషే లేదు. ఒక్కదాన్నీ గోదావరి గట్టు మీదకెళ్తే, ఏమైందండీ, ఎవరైనా తరుముతున్నారా అని అడుగుతున్నారు. రేపు మధ్యాహ్నం బండికి వచ్చేస్తున్నా. అబ్బాయిని స్టేషనుకి పంపు."

"ఆయనకి బి షిఫ్టండి. నాను ఒస్తాను."

బండి గంట ఆలస్యంగా వచ్చింది. అత్తగారు రెండు పెట్టెలతో, పూతరేకుల డబ్బాతో దిగారు. మేం స్టేషను బయటికొచ్చేసరికి ఉక్కునగరం బస్సు కదిలిపోతోంది. తర్వాత బస్సు ఎప్పుడో దేవుడికే తెలియాలి. ఆవిడ నా వంక చూశారు. నేను పెద్ద పెట్టె అందుకున్నాను. ఆవిడ చీర కుచ్చెళ్లు దోపుకున్నారు.

"అమ్మా, నెమ్మది! నెమ్మది! ఆపుతన్నాను!" కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి అరుస్తున్నాడు, బస్సు పక్క దరువేస్తున్నాడు. మేం అప్పటికే ఎక్కేశాం.

వెనక సీటులో కూలబడి, అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని, నా వైపు తిరిగి కూచున్నారు.

"ఊఁ, చెప్పు. ఆ తెల్లదాని సంగతేంటి?"

చెప్పడం మొదలెట్టాను. కండక్టరు మా నెత్తి మీద నిలబడి టికెట్టు, టికెట్టు అని రెండుసార్లు అడిగాడట. మాకు వినపడలేదు.